కుర్చీ అల్లడానికి వచ్చినాయన

దొర అరవలేదు.

అదీ వింత. పాలవాడు వచ్చినా, పోస్టుమాను వచ్చినా, ఆఖరికి గాలికి గేటు కదిలినా వీధి దద్దరిల్లేలా అరిచే కుక్క అది. అలాంటిది కుర్చీ అల్లడానికి వచ్చినాయన దగ్గరికి కుయ్‌కుయ్‌మంటూ పాక్కుంటూ వెళ్ళి, ఆయన ఒళ్ళో తల పెట్టేసింది.

“చోద్యం కాకపోతే! రోజూ తిండి పెట్టే మేం పరాయివాళ్ళం, నువ్వేమో చుట్టానివా నాయనా?” అంది అత్తగారు.

ఆయనకి చూపు లేదు. కుర్చీ చట్రాన్ని వేళ్ళతోనే కొలుచుకుని వైరు లాగి బిగిస్తాడు. దొర మూలుగు వినగానే ఆ వేళ్ళు ఆగిపోయాయి. వైరు వదిలేసి, నెమ్మదిగా దాని మెడ తడిమాడు.

సరిగ్గా అప్పుడే కోడలు పని నుంచి వచ్చింది.

ఆమెది కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం. పొద్దస్తమానం వచ్చినవాళ్ళ చేత గోడ మీది అక్షరాలు చదివించి, ఎవరికి చూపు ఎంతుందో తేల్చాలి.

మూడేళ్ళ క్రితం ఓ సాయంత్రం ఆమె భర్త దొరని తీసుకుని నడకకి వెళ్ళాడు. దొర ఒక్కటే తిరిగొచ్చింది, మెడలో గొలుసు ఈడ్చుకుంటూ.

ఏదో బండి గుద్దేసి ఆగకుండా పోయింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. అంబులెన్సు డ్రైవరు చెప్పింది ఒక్కటే. “ఎవరో ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారమ్మా. హడావుడిలో మొహం చూడలేదు.”

ఎవరా మనిషి? తన భర్త ఆఖర్న ఏమైనా మాట్లాడాడా? తన పేరెత్తాడా? ముద్ద నోట్లో పెట్టుకున్నా ఆమెకి అదే ధ్యాస, కళ్ళు మూసుకున్నా అదే ధ్యాస.

ఆ రోడ్డు పొడుగునా గోడల మీద కాగితాలు అంటించింది. ‘ఇక్కడ దెబ్బ తగిలి పడిపోయిన మనిషి పక్కన కూర్చున్నవారు దయచేసి ఒక్కసారి కనబడండి.’ కింద ఇంటి అడ్రసు. మసక కళ్ళవాళ్ళు కూడా చదవగలిగేలా బెత్తెడేసి అక్షరాలు. వానకి తడిస్తే మళ్ళీ రాసేది, చిరిగితే మళ్ళీ అంటించేది.

ఎవరూ రాలేదు.

మూడేళ్ళుగా తను ఎంత బతిమాలినా ఒళ్ళోకి రాని కుక్క, ఇప్పుడు ముక్కూ మొహం తెలియని మనిషి ఒళ్ళో కళ్ళు మూసుకుని పడుకుంది. ఆమెకి ఒళ్ళు మండింది.

“ఏం పెట్టి మచ్చిక చేసుకున్నారు?”

“ఏమీ పెట్టలేదమ్మా. మీరు మనిషిని చూసి పోల్చుకుంటారు. నేను విని పోల్చుకుంటాను. వీటికి ముక్కు చాలు.”

మాటలకేం తక్కువ లేదు, అనుకుందామె.

ఆయన దొర తల నిమురుతూ అడిగాడు.

“అమ్మా, ఈ కుక్కని తిప్పే అయ్యగారు... ఉన్నారా?”

ఆమెకి అనుమానం వచ్చింది. పోయిన నెల పక్క వీధిలో ఇలాగే ఎవడో మంచినీళ్ళు అడిగి, ఇంట్లో మగవాళ్ళు లేరా అని ఆరా తీసి, మర్నాడు ఇల్లంతా ఊడ్చుకుపోయాడు. ఈ ఇంట్లో ఉన్నది ఇద్దరు ఆడవాళ్ళు.

“ఎందుకు లేరు? నిక్షేపంగా ఉన్నారు. ఇంకాసేపట్లో వచ్చేస్తారు.”

అత్తగారు ఉలిక్కిపడి నోరు తెరవబోయింది. కోడలు సైగ చేసి ఆపింది.

 ఆయన మొహమంతా విప్పారింది.

“హమ్మయ్య! ఎంత చల్లటి మాట చెప్పారు తల్లీ! ఇద్దరూ నూరేళ్ళు చల్లగా ఉండండి.”

“ఇంకేమైనా అడగాలా?” అంది విసుగ్గా.

“అడగడానికేం లేదమ్మా. ఒకటి చెప్పాల్సి ఉండేది. ఇక అక్కర్లేదు. ఆయనే చెప్పి ఉంటారుగా.”

పిచ్చి మాలోకంలా ఉన్నాడు, అనుకుని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆయన కుర్చీ పూర్తి చేసి, కర్ర తాటించుకుంటూ వెళ్ళిపోయాడు. దొర గేటు దగ్గర కూలబడి ఏడ్చింది. మూడు రోజులు మెతుకు ముట్టలేదు.

“దానికేదో తెలుసే. మనకే తెలియడం లేదు,” అంది అత్తగారు, పళ్ళెం వెనక్కి తీస్తూ.

నాలుగో రోజు షాపులో ఎవరికో అక్షరాలు చూపిస్తూ ఆమె ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఆయనే చెప్పి ఉంటారుగా. అంటే ఏం చెప్పాలి? ఎవరికి చెప్పాలి?

దొర ఆ మనిషిని ఎక్కడ చూసింది? తను లేకుండా దొర బయటికి వెళ్ళిన ఆఖరి సాయంత్రం ఏది?

పని అక్కడే వదిలేసి, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే, ఆయన్ని పంపిన కుర్చీల షాపుకి పరుగెత్తింది.

“ఆయనా? నిన్ననే బస్సెక్కేశాడండీ,” అన్నాడు షాపాయన. “చెల్లెలి దగ్గరికట.”

“ఏ ఊరు?”

“ఊరి పేరు చెప్పలేదు. ఫోనూ లేదు. అసలు ఎప్పుడో వెళ్ళాల్సిన మనిషి. కుర్చీల వంకతో మూడేళ్ళు ఇల్లిల్లూ తిరిగాడు, పాపం.”

“ఎందుకు?”

“ఎవరో ఒకాయన రోడ్డు మీద ఈయన ఒళ్ళో పడి ఉండి, మా ఆవిడకి చెప్పమని ఏదో మాట చెప్పాడట. పేరు తెలీదు, ఇల్లు తెలీదు. పక్కన మూలిగిన కుక్క ఒక్కటే ఆనవాలు.”

బెత్తెడేసి అక్షరాలు రాసి ఆమె వెతికింది చూపు లేని మనిషిని.

“ఏం మాట? మీకు చెప్పాడా?”

“ఎన్నిసార్లు అడిగానో! అది ఆవిడ మాట, ఆవిడకే ఇవ్వాలి అనేవాడు. మొన్న ఆవిడే ఎదురై, మా ఆయన నిక్షేపంగా ఉన్నారని చెప్పిందటండీ. ఇక ఆ మాట నేను మోయక్కర్లేదని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.”