కాటా కంప్యూటర్ లేచింది

హార్బర్ నుంచి బొగ్గు తెచ్చిన లారీల వరస ఉక్కు ఫ్యాక్టరీ గేటు దాటి గాజువాక రోడ్డెక్కింది. లారీలను తూచే కాటా కంప్యూటర్ మాత్రం పొద్దున్నుంచి లేవడం లేదు.

నీలకంఠం బోర్డులోంచి ఫ్లాష్ మాడ్యూల్ పీకి, పిన్నులను రబ్బరుతో రుద్ది, మళ్లీ గుచ్చాడు. తెర మీద అదే మాట: డిస్కు లేదు. కంప్యూటర్‌ను లేపే ప్రోగ్రామంతా ఆ అగ్గిపెట్టెంత ముక్కలోనే ఉంటుంది.

"ఇది సచ్చిపోనాది. ఇలాటిదే ఇంకోటి దొరికితే మన ప్రోగ్రాం ఎక్కించీయొచ్చు."

తోటి మెకానిక్ కోటి లోపలికి పరుగెత్తి, కాసేపటికి అచ్చం అలాంటిదే తెచ్చాడు. కణతలు నొక్కుకుంటూ కుర్చీలో కూలబడ్డాడు. "తల పగిలిపోతంది బావా. ఎండదెబ్బేమో."

నీలకంఠం మాడ్యూల్ గుచ్చగానే కంప్యూటర్ లేచింది. తెర మీద పెద్ద అక్షరాలు పడ్డాయి: గ్యాస్ అలారం, కొలిమి కింద గది.

"ఏటిది? ఎక్కడ పీకావురా దీన్ని?"

"ఆ కింద గదిలోనే. పెట్టె ఊరికే కూత్తంది. ఎలాగూ పాడైపోనాది కదాని పీకీసాను."

కొలిమి గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు. దాన్ని కనిపెట్టేది ఆ పెట్టె ఒక్కటే.

నీలకంఠం కింద గదికి ఫోన్ కొట్టాడు. అవతల మోగుతూనే ఉంది.

"అక్కడెవరున్నార్రా?"

"నలుగురున్నారు బావా. గోల ఆపానని నాకు దండం ఎట్టారు." కోటి కళ్లు మూతలు పడుతున్నాయి. "నానొచ్చీటప్పటికే హాయిగా నిద్రోతన్నారు."