ఖాళీ జీపు

"రెండేండ్ల సంది దీని కిందనే పండుకుంటున్నవ్. ఇంట్ల మంచం అమ్మేద్దామా?" అనుకుంట సునంద నడుము పట్టుకొని జీపు దిగింది.

భూపాల్ పానా అందుకున్నడు. కామారెడ్డి నుంచి లింగంపేట దాక ఆ పాత జీపు మేకపిల్ల లెక్క ఎగురుకుంటనే వచ్చింది. కొన్నప్పటి సంది కుదుపు ఆగాలని కమాన్ కట్టలు మార్చిండు, షాకబ్జర్లు మూడుసార్లు మార్చిండు. కొత్త సీట్లు మాస్తయని చుట్టాలను సుత ఎక్కియ్యలే. అయినా దాని ఎగురుడు ఆగలే.

అతను మళ్ల కిందికి దూరి బయటికొచ్చేసరికి, ఒక ముసలవ్వ, ఆమె వెంబడి ఆరుగురు ఆడోళ్లు బీడీల గంపలతోని వెనుక కూసోనున్నరు.

"అవ్వా, ఇది కిరాయి జీపు కాదు!"

"రంగు మారిస్తే గుర్తుపట్టననుకున్నవా? పదేండ్లు దీంట్లనే ఎల్లారెడ్డికి తిరిగిన. పోనియ్యి బిడ్డా, ఎండ కొడుతున్నది."

"పోనియ్యి, డ్రైవర్ సాబ్," అని సునంద నవ్వుకుంట ముందట కూసుంది.

భూపాల్ పండ్లు నూరుకుంట బండి తీసిండు. గుంతలొచ్చినయి, పోయినయి. బండి ఎగరలే. అతను స్టీరింగును అనుమానంగ చూసిండు.

"అవ్వా, నువ్వు తిరిగినప్పుడు ఇది ఎగిరేది కాదా?"

"ఖాళీగుంటే ఎగిరేది. పదిమంది ఎక్కితే ఆవు లెక్క నడిచేది. మందిని మోసే బండి బిడ్డా ఇది. నీ ఒక్కనికి ఎందుకు లొంగుతది?"

భూపాల్ అద్దంల చూసిండు. కొత్త సీట్ల మీద బీడీ ఆకు రాలుతున్నది.

ముందట రోడ్డు పక్కన ఇంకో ఇద్దరు చెయ్యెత్తిన్రు.

"ఆపకు. నీ సీట్లు మాస్తయ్," అన్నది సునంద.

అప్పటికే బ్రేకు తొక్కిన భూపాల్ వెనక్కి తిరిగిండు.

"జర జరుగున్రి అవ్వా."