నవ్వు కనపడని మెసేజ్

"నా మీద కోపం వచ్చిందాండి?" బడి వరండాలో వినీలను ఆపి అడిగాడు జాషువా. ఇద్దరూ మండపేటలో ఒకే బడిలో టీచర్లు.

"ఎందుకండి?"

"నిన్న 'యూ ఆర్ టూ మచ్' అని మెసేజ్ పెట్టారు కదా. నాకు నిద్ర పట్టలేదు."

"నవ్వుతూ రాశానండి. స్కూలు గ్రూపులో అందరూ ఇంగ్లీషే కదా, అదే అలవాటైపోయింది."

"ఆ ఇంగ్లీషులో మీ నవ్వు కనపడలేదండి."

"సరే, తెలుగులో పెడతాను." వినీల అక్కడే నిలబడి టైప్ చేసింది.

జాషువా ఫోన్ మోగింది. 'ఆదివారం చర్చి అయ్యాక మా అమ్మ నిన్ను భోజనానికి రమ్మంది.'

ఇన్నాళ్లూ ఆమె అతన్ని 'మీరు' అనే పిలిచింది.

"'మిమ్మల్ని' అనబోయి 'నిన్ను' అని పడిందండి," అన్నాడు నెమ్మదిగా.

వినీల ఫోన్ బ్యాగులో వేసుకుంది.

"తప్పేం పడలేదు. వస్తావా, రావా?"