గోపురం ఉన్న పంజరం

ఒక పెరట్లో గుండయ్య, చిట్టెమ్మ అనే గినీపందుల జంట ఉండేది. యజమాని ఒకరోజు రెండు పంజరాలు తెచ్చి వాటి ముందు పెట్టాడు. ఒకటి పొట్టిగా, మంచమంత వెడల్పుగా ఉంది. రెండోది ఇరుకైన మూడంతస్తులది, పైన గోపురం.

"గోపురం ఉన్నదే తీసుకో బావా! నలుగురిలో పరువు," అంది గోడమీది చిలుక.

"పరిగెత్తే కాళ్ళు మనవి. ఎత్తెందుకయ్యా, నేల కావాలి గానీ!" అంది చిట్టెమ్మ.

"నీకు హోదా అంటే తెలీదు," అని కసిరి గుండయ్య గోపురం కిందికి దూరాడు. చిట్టెమ్మ వెడల్పు పంజరంలో హాయిగా పరుగులు తీసింది.

గుండయ్యకి ఒళ్ళు తిప్పుకునే చోటు కూడా లేదు. మూడో అంతస్తు ఎక్కబోయి జారిపడి కాలు బెణికించుకున్నాడు. మూలుగు విని చిలుక వచ్చింది. పంజరాన్ని పైనుంచి కిందిదాకా చూసి నిట్టూర్చింది.

"ఇల్లు లక్షణంగా ఉంది బావా. రెక్కలు లేకపోవడం నీ లోపం."