పూజ ఫోటో

"ఆ ఫోటో ముందు తీసెయ్యండి బాబూ."

కాంక్రీటు ప్లాంటు ఆఫీసు గుమ్మంలో నిలబడి అన్నాడు ఆ పెద్దాయన. మాసిన చొక్కా, చేతిలో గుడ్డసంచి.

ఇంజినీరు సూర్యతేజకు చిర్రెత్తింది. మర్నాడే స్కూలు శ్లాబు. తల గోక్కునే తీరిక లేదు.

"ఏ ఫోటో? ఎవరు నువ్వు?"

"నరసాపురం నుంచి వచ్చానండి. పొద్దున్నే బయల్దేరాను."

ఫోన్ తీసి చూపించాడు. నిన్నటి ఆయుధపూజ. కంప్యూటర్‌కు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. దండ పక్కనే తెరకు అంటించిన చీటీ. చీటీ మీద పాస్‌వర్డు.

ఆ ఫోటోను కంపెనీ పేజీలో పెట్టింది సూర్యతేజే.

"సిమెంటెంత, ఇసకెంత అని చెప్పేది ఆ కంప్యూటరే కదండీ. దాని తాళంచెవి లోకానికి చూపించేశారు. ఎవడైనా ఇంటర్నెట్లోంచి దూరతాడు."

"దూరి? మా కంకర ఎత్తుకుపోతాడా?"

ఆపరేటర్ బుల్లిరాజు పగలబడి నవ్వాడు.

"తాతగారికి నిన్న పులిహోర అందలేదేమోనండి!"

పెద్దాయన నవ్వలేదు.

"పాస్‌వర్డు మార్చండి. ఇంటర్నెట్ వైరు పీకెయ్యండి. కాంక్రీటు గట్టిదనం తేల్చే క్యూబులు పరీక్ష చేయించకుండా సెంట్రింగ్ మాత్రం విప్పకండి. దండం పెడతాను."

"నాకు పాఠం చెప్తావా? ఏం చదివావు నువ్వు? ఇంతకీ ఏం అమ్ముకోడానికొచ్చావు?"

"ఏమీ అమ్మనండి."

చెప్పి లాభం లేదనుకున్నాడో ఏమో, తనే వెళ్లి వైరు మీద చెయ్యి వేశాడు.

సూర్యతేజ ఆయన కాలర్ పట్టుకుని గుమ్మం బయటికి నెట్టాడు. మెట్ల మీద పడ్డాడు పెద్దాయన. లేచి, చెప్పు వెతుక్కుని, చీటీ మీద ఫోన్ నంబరు రాసి కిటికీలో పెట్టాడు.

ఆ చీటీతో సూర్యతేజ టీ ఒలికిన బల్ల తుడిచాడు.

మర్నాడు శ్లాబు పోశారు. తెర మీద అంకెలన్నీ సవ్యంగానే ఉన్నాయి. పరీక్షకు వెళ్లాల్సిన క్యూబులు షెడ్డులోనే పడి ఉన్నాయి. చదువుకున్నవాడు కదా, ఎవరు అడుగుతారు!

పదిహేనో రోజు సెంట్రింగ్ విప్పారు.

శ్లాబు కూలింది. కింద కర్రలు మోస్తున్న కూలీమనిషి పాపాయి మళ్లీ లేవలేదు.

"ఆ పాస్‌వర్డుతోనే ఎవడో దూరాడు. సిమెంటు సగానికి కోసి, తెర మీద పాత అంకెలే చూపించాడు" అంది ఎస్సై సూర్యకళ. "ముందుగా ఎవరూ చెప్పలేదా మీకు?"

"లేదండి" అన్నాడు సూర్యతేజ.

ఆమె ల్యాప్‌టాప్ అతనివైపు తిప్పింది. ఆఫీసు సీసీ కెమెరా. కాలర్ మీద తన చెయ్యి. మెట్ల మీద పెద్దాయన.

"ఎవరో పిచ్చోడనుకున్నానండి..."

"ఈయన పేరు హరిబాబు. ఏటా దసరా వెళ్లగానే ప్లాంట్ల పూజ ఫోటోలన్నీ వెతుకుతాడు. చీటీ కనిపించిన చోటికల్లా వెళ్లి కాళ్లావేళ్లా పడతాడు."

"ఎందుకండీ?"

"నాలుగేళ్ల కిందట తన ప్లాంటులో అలాంటి చీటీ అంటించి, అలాంటి ఫోటోనే పెట్టాడు. అక్కడా ఇలాగే ఎవడో దూరాడు, కూలిన శ్లాబు కింద పోయింది ఆయన భార్య."