వద్దన్న పక్షం

“స్కూలు వాళ్లు నీ డిబేట్ వీడియో నెట్‌లో పెడితే, ఎవరైనా చూస్తే, మన గతేంటే?” కారు గరాజ్ దాటకముందే కూతుర్ని అడిగింది జయంతి. ఆరు నెలలుగా ఆమె భర్త వీసా ఎక్స్‌టెన్షన్ ఎటూ తేలలేదు.

“అమ్మా, అది క్లాస్ డిబేట్! అప్పట్లో అమెరికా కొత్త కాన్‌స్టిట్యూషన్‌ని ఒప్పుకోవాలా వద్దా అని. నాకు ‘వద్దు’ సైడ్ వచ్చింది,” అంది ఉజ్వల.

“ఈ దేశం రాజ్యాంగం వద్దని మనమా అనేది? మీ టీచర్నడిగి ‘కావాలి’ సైడ్‌కి మారిపో తల్లీ.”

“అప్పటివాళ్లు ఎందుకు వద్దన్నారో తెలుసా? మనుషులు భయం లేకుండా మాట్లాడొచ్చని ఇందులో లేదు, అది కూడా రాయండి అన్నారు.”

“రాశారా మరి?”

“వోటింగ్‌లో ఓడిపోయారు. కానీ తర్వాత రాశారు. ఇప్పటికీ ఉంది.”

జయంతికి ప్రాణం లేచొచ్చింది. “అయితే నువ్వేం మాట్లాడినా నాన్న వీసాకేం కాదన్నమాట! అంతేగా?”

ఉజ్వల రాసుకున్న కాగితాలను ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. రెండు సిగ్నళ్లు దాటాయి. స్కూలు ముందు కార్ల వరుసలో ఆగారు. జయంతి స్టీరింగ్ వదిలి, ‘అంతేగా?’ అన్నట్టు కూతురి మొహంలోకి చూసింది.

“సైడ్ మార్చమని అడుగుతాలే అమ్మా,” అంది ఉజ్వల.