లింగప్ప ఏరిన రాళ్లు

సభలో రామాంజులు ఒక్కచోట నిలబడలేకపోతున్నాడు. షామియానా గుంజను పట్టుకుంటాడు, వదిలేస్తాడు. జీపు తాళంచెవిని గుప్పిట్లో నలుపుతాడు. లింగప్ప దగ్గర ఇరవై ఏళ్లు డ్రైవరుగా ఉన్న మనిషి. దొర పోయిన బాధ అనుకున్నారంతా.

ఎనభై అయిదు వేసవి. వరసగా మూడో ఏడూ వాన మొహం చాటేసింది. నల్లమాడలో మాజీ మంత్రి లింగప్పకు సంతాప సభ.

సమితి ప్రెసిడెంటు వెంకటేశులు మైకు అందుకున్నాడు.

"పదవి పోతే ఎవురైనా మంచం పడతాడు. మన లింగప్ప వేపపుల్ల పట్టినాడు! అప్పట్లో సర్కారోళ్లు మిషన్లు తెచ్చి, ఊళ్ల అవతల బంజర్లలో బోర్లేసి చూసినారు. చుక్క లేదన్యారు. ఆ బంజర్లలోనే ఈయప్ప ఉత్త పుల్లతో నీళ్లు చూపించినాడు. ఏమప్పా, మిషను గొప్పదా, మన వేపపుల్ల గొప్పదా?"

చప్పట్లు మోగాయి.

"పోయింది కూడా యాడికి? తనకు ఓట్లేసిన ఊళ్లకు కాదు, ఎయ్యని ఊళ్లకు! అదప్పా మనసంటే. సొంతూర్లో మాత్రం పుల్ల వంగనే లేదు."

తర్వాత ఎర్రన్న లేచాడు. లింగప్ప చిన్ననాటి స్నేహితుడు.

"వానికి ముందునుంచీ రాళ్ల పిచ్చి. తొలకరి పడితే చాలు, వజ్రకరూరు చేన్లలో తల దించుకోని తిరిగేవాళ్లం. వజ్రం దొరకలే, పిచ్చి పోలే. ముసలితనంలో నీళ్లు చూపించిన ప్రతిచోటి నుంచీ గుమ్మడికాయంత రాయొకటి జీపులో వేసుకొచ్చేవాడు. ఇంటి ముందర వరసగా పేర్చినాడు. నిద్ర లేదు, కుదురు లేదు, వాటి చుట్టే తిరుగుడు. వీటిల్లో వజ్రం యాడుందిరా అంటే పలికేవాడు కాదు."

జనం నవ్వారు. రామాంజులు షామియానా బయటికి వెళ్లాడు. ఎండలో కాసేపు నిలబడి మళ్లీ లోపలికి వచ్చాడు.

అప్పుడే ఆడవాళ్లలోంచి పక్క ఊరి కదిరమ్మ లేచి నిలబడింది.

"మాటలు బాగుండాయి సామీ. ఆయప్ప సోమారం నా చేనికొస్తానన్యాడు. పోయినాడు. ఇప్పుడు నాకెవురు చూపిస్తారు?"

గుట్ట కింద బంజరులో ఐదేళ్ల కిందట ఆమెకు పట్టా ఇచ్చారు. మేకలన్నీ అమ్మి బోరు బండిని పిలిపించుకుంది. అది నిన్నటి నుంచి చేన్లో నిలిచి ఉంది. సాయంత్రానికి కదిరికి వెళ్లిపోతుంది.

"ఏమ్మే, పీనుగ లేచొచ్చి చూపిస్తాదా?" అన్నాడెవరో.

"నీకేమప్పా, నీ బాయిలో నీళ్లుండాయి. నాకు పడకపోతే ఇంటికి తాళమేసి బెంగళూర్లో ఇటుకలు మొయ్యల్ల."

ఇంకొక్క క్షణం అక్కడే ఉంటే తన నోట ఏం వస్తుందో రామాంజులుకే తెలియదు.

"పదక్కా, నేను చూస్తా" అన్నాడు.

"నీకు స్టీరింగు తెలుసు గానీ పుల్లేం తెలుసప్పా?" అన్నాడు వెంకటేశులు. రామాంజులు అప్పటికే జీపు ఎక్కాడు.

చేని గట్టున వేపచెట్టు నుంచి పంగ కొమ్మ ఒకటి విరిచాడు. రెండు కొసలూ పట్టుకుని నడవసాగాడు. వెంట వచ్చినవాళ్లు పుల్లనే చూస్తున్నారు. అతను మాత్రం గుట్టను చూస్తున్నాడు. గుట్ట మీద రెండు రాతి గుండ్లు. అతను నడిచేకొద్దీ అవి ఒకదానికొకటి దగ్గరయ్యాయి. ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. అక్కడ ఆగాడు.

కాలికి రాయి తగిలింది. సగం మట్టిలో కూరుకుపోయిన రాయి.

పుల్ల వంగింది.

గడ్డపారతో రాయిని పెకలించి పక్కకు దొర్లించాడు. బోరు బండి వచ్చి నిలిచింది. మొదట దుమ్ము లేచింది.

"ఇంత మెత్తగా దిగే నేల నేను యాడా చూళ్లేదప్పా" అన్నాడు బండి మనిషి.

కాసేపటికి బురద చిమ్మింది. ఆ తర్వాత నీళ్లు మనిషెత్తు దాటి ఎగిశాయి. ఆడవాళ్లు కేకలు పెట్టారు. కదిరమ్మ ఏడుస్తూ, నవ్వుతూ, తడిసిన మట్టిని చెంపలకు పూసుకుంది. చెంబు నిండా పట్టి రామాంజులు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"నోట్లో పోసుకోన్నా, తీపుండాయి!"

"వద్దక్కా."

"నువ్వూ ఆయప్ప మాదిరేనా! తాను చూపించిన బోరు నీళ్లు ఒక్క గుక్కా తాగలేదంట. అదేం మొక్కో ఏమో."

రామాంజులు వంగి రాయి కింద చేతులు పెట్టాడు.

"దాన్ని ఈడ్నే ఉండనీన్నా. పసుపు పూసి మొక్కుకుంటాం."

"మొక్కే రాయి కాదక్కా ఇది."

రాయిని పొట్టకు ఆనించుకుని జీపు వైపు నడిచాడు. ఆ బరువు అతని చేతులకు కొత్త కాదు.

పదిహేనేళ్ల కిందట ఇదే చోట సర్కారు బోరులో నీళ్లు ఎగజిమ్మిన రోజు, "మనకు ఓటెయ్యని ఊరికి నీళ్లెందుకురా" అని మంత్రి లింగప్ప దాన్ని మన్ను పోసి పూడ్పించి, చుక్క పడలేదని చెప్పిస్తే, ఆ బోరు నోటి మీద ఈ రాయిని మోసుకొచ్చి పెట్టింది రామాంజులే.